నాలుగోసారి మూసేసిన నా టికెట్ గురించి

సపోర్ట్ విభాగం పెద్దలకు,

నిన్న నా ఫిర్యాదు టికెట్ మళ్లీ మూసేశారు. పైగా “మీ సమస్య పరిష్కారమైంది, ఎన్ని స్టార్లు ఇస్తారు?” అని మెసేజ్ ఒకటి. ఎవరికి పరిష్కారమైందో చెప్పండి, స్టార్లు వాళ్లనే ఇమ్మంటాను.

గొడవ చిన్నదే. మీ ఏఆర్‌ఎం ప్రాసెసర్ బోర్డు కోసం మీరిచ్చిన ఎస్‌డీకేతో (సాఫ్ట్‌వేర్ తయారుచేసే టూల్స్ మూట) లైనక్స్ సిస్టమ్ బిల్డ్ చేస్తుంటే, ప్రోగ్రామ్‌ని లైబ్రరీలతో కలిపే లింకింగ్ దగ్గర ఆగిపోతోంది. అందులో లైబ్రరీలు బిల్డ్ చేసే లిబ్‌టూల్ అనే టూల్ రాసిన ఎల్‌ఏ ఫైళ్లలో (ఏ లైబ్రరీ ఎక్కడుందో చెప్పే చిన్న ఫైళ్లు) లైబ్రరీల దారి ఉత్త యూఎస్ఆర్ లిబ్ అని ఉంది కాబట్టి, లింకర్ బోర్డు లైబ్రరీని వదిలేసి నా కంప్యూటర్ ఉబుంటులోని, బోర్డుకి పనికిరాని ఎక్స్86 (పీసీ ప్రాసెసర్) లైబ్రరీని పట్టుకుంటోంది. లాగ్‌తో సహా మొదటి మెయిల్లోనే ఇదంతా రాశాను. చదివితే కదా!

మొదట ఫోన్ చేసినాయన “కేబుల్ మార్చి చూడండి సార్” అన్నాడు. బిల్డ్ జరిగేది నా కంప్యూటర్‌లో, బోర్డు ఇంకా డబ్బాలోనే ఉంది, కేబుల్ దేనికి తగిలించమంటారు? తర్వాత ఒక మేడమ్, పాపం చాలా మర్యాదగా, ఉబుంటు మళ్లీ ఇన్‌స్టాల్ చేయమన్నారు. ఆదివారమంతా దానికే పోయింది, ఎర్రర్‌లో అక్షరం మారలేదు. మూడో ఆయన ఇంకా ఘనుడు, సుడోతో, అంటే అడ్మిన్ అధికారంతో, మేక్ ఇన్‌స్టాల్ కొట్టమన్నాడు! డెస్ట్‌డిర్ (ఫైళ్లు వేరే ఫోల్డర్‌లో పెట్టమని చెప్పే సెట్టింగ్) లేకుండా అలా కొట్టి ఉంటే మీ ఏఆర్‌ఎం లైబ్రరీలు నా లైబ్రరీల మీద పడి నా మెషీన్ మళ్లీ లేచేదా? నాలుగో జవాబు “లిబ్‌టూల్ ఓపెన్ సోర్స్, మాకు సంబంధం లేదు” అని. ఎస్‌డీకే మీదే కదండీ. లైబ్రరీల కోసం బోర్డు ఫోల్డర్‌లోనే వెతకమని చెప్పే సిస్‌రూట్ ఆప్షన్ లిబ్‌టూల్ 2.4లో, అంటే 2010లోనే వచ్చింది, మీరు ఇప్పటికీ అంతకంటే పాతది పెట్టి ఇస్తున్నారు.

చివరికి ఉప్పల్‌లో మెట్రో ఎక్కి హైటెక్ సిటీలో దిగి మీ ఆఫీసుకే వచ్చాను. టికెట్ ఉంటే ఆన్‌లైన్‌లోనే చూసుకోవాలట, లోపలికి పంపలేదు. గేటు దగ్గర సెక్యూరిటీ అన్న మాత్రం మంచినీళ్లిచ్చి నా కథంతా విన్నాడు. మీ కంపెనీలో నా మాట పూర్తిగా విన్నది ఆయనొక్కడే.

ఆ ఎల్‌ఏ ఫైళ్లన్నీ వెతికి డిలీట్ చేస్తే బిల్డ్ అయిపోయింది లెండి. నేనే కనుక్కున్నాను, మూడు వారాలకి. అయినా ఊరుకోలేకపోతున్నాను. 2019 నుంచి మీ బోర్డులే వాడుతున్నాను, వేరేది కొంటానన్న ఫ్రెండ్‌తో వాదించి మరీ మీదే కొనిపించాను. ఇప్పుడు వాడి ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి?

సరిచేసిన ఎస్‌డీకే పెడతారో, విషయం తెలిసిన మనిషితో ఒక్క ఫోన్ చేయిస్తారో మీ ఇష్టం. సోమవారం దాకా చూస్తాను. తర్వాత నలభై బోర్డుల ఆర్డర్ రద్దు, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్, ఆపైన బోర్డులన్నీ సంచిలో వేసుకొచ్చి మీ గేటు దగ్గరే కూర్చుంటాను. సెక్యూరిటీ అన్న ఎలాగూ పరిచయమే.

స్టార్ల మెసేజ్ మాత్రం ఇక పంపకండి.

ఇట్లు,
ఉప్పల్ నుంచి మీ పాత కస్టమర్