తడి ఆరని కొండదారుల మీద సైకిళ్ళు వద్దు

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలోని తెలుగువారి వార్తలకు మీ పత్రిక చోటిస్తున్నది కనుక, ఇక్కడ శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో మనవాళ్ళకు సంబంధించిన ఒక విషయాన్ని, చలికాలపు వానలు మొదలయ్యే ముందే పదిమంది దృష్టికి తేవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఫ్రీమాంట్, శాన్‌హోజే, డబ్లిన్, శాన్‌రమోన్ ప్రాంతాల్లో ఉంటున్న తెలుగువారు శని ఆదివారాల్లో మౌంటెన్ బైకులతో కొండలెక్కడం కొన్నేళ్ళుగా నా కళ్ళముందే పెరిగింది. బైకంటే మోటారు బండి కాదు, లావు టైర్లున్న తొక్కుడు సైకిలే. ఇది ఆరోగ్యానికి, స్నేహాలకు మంచి చేసే అలవాటు. నేనూ ఎనిమిదేళ్ళుగా తొక్కుతున్నాను. కాని వాన వెలిసిన మర్నాడే, దారి ఇంకా బురదబురదగా ఉండగానే, గుంపులుగా వెళ్ళి ఆ దారులను పాడుచేయడం మాత్రం మానుకోవాలని తోటివారిని వేడుకుంటున్నాను.

మన దగ్గర వానాకాలం వేరు, చలికాలం వేరు. ఇక్కడ ఆ రెండూ ఒకటే. ఏడాదిలో పడే వానంతా ఇంచుమించు నవంబరు, మార్చి నెలల మధ్యనే పడుతుంది. వేసవిలో చుక్క రాలదు. ఈ కొండల్లో చాలాచోట్ల ఉన్నది బంకమన్ను. వేసవిలో అరచెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చి, వానపడితే ఉబ్బి, కాలు పెడితే చెప్పును పట్టుకుని వదలని ఈ మట్టిని చూసిన తెలుగువాడికెవరికైనా నల్లరేగడే గుర్తుకొస్తుంది. గుర్తుకు రావలసింది కూడా అదే.

మాది పల్నాడు ప్రాంతం. వాన వెలిసిన తరువాత మా నాన్నగారు చేనుగట్టున వంగి, పిడికెడు మట్టి తీసి ముద్దచేసి, నడుమెత్తు నుంచి కిందికి వదిలేవారు. ముద్ద విచ్చుకుని పొడి అయితే పదును, అంటే దున్నడానికి తగిన తేమ, వచ్చినట్టు. చప్పిడిగా అతుక్కుని పడివుంటే ఆ రోజుకు ఎడ్లను విప్పి ఇంటికి తోలుకు రావడమే. పక్క చేలో ఎవరైనా తొందరపడి తడిమీద గుంటక కడితే, ఆ నేల గడ్డకట్టి ఆ ఏడాదంతా దారికి రాదని ఆయన బాధపడేవారు. పదును చూడకుండా నేలమీద చక్రం గాని కర్రు గాని పెట్టకూడదన్న ఎరుక ఉన్న కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళం మనం. ఆ ఎరుకను ఇక్కడి కొండల మీద ఎందుకు మరిచిపోతున్నామన్నదే నా ఆవేదన.

నేను కూడా మరిచినవాడినే. కొన్నేళ్ళ క్రితం జనవరిలో, రెండు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసి ఎండ కాసిన ఒక శనివారం, నలుగురు మిత్రులతో కలిసి ఒక కొండదారి ఎక్కాను. అర మైలు దాటకముందే మట్టి టైరుకు చుట్టుకుని, చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు సందున బిగుసుకుపోయి ముందు చక్రం తిరగడం మానేసింది. పుల్లతో గీకి, పది గజాలు తొక్కి, మళ్ళీ గీకి, చివరకు సైకిలును భుజాన వేసుకుని దిగివచ్చాము. వెనక్కి తిరిగి చూస్తే మేము వెళ్ళిన మేర వేలెడు లోతున ఐదు చాళ్ళు, ఎవరో నాగలి పట్టినట్టు కనిపించాయి. ఆ రోజు మాకు అది తప్పనిపించలేదు. బురద మరకలతో ఫొటోలు దిగి ఇళ్ళకు వెళ్ళిపోయాము.

ఏప్రిల్‌లో అదే దారి మరమ్మతుకు స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళు కావాలంటే వెళ్ళాను. మేము వేలెడు లోతున వదిలి వచ్చిన చాలు, వాలుగా ఉన్నచోట జానెడు లోతు కాలువై కనిపించింది. తరువాతి వానల నీళ్ళన్నీ అందులోనే పారాయి. సమంగా ఉన్నచోట ఆ చాళ్ళు ఎండకు కాలి ఇటుకల్లా గట్టిపడ్డాయి. వాటి అంచున చక్రం పడితే మనిషి పక్కకు పడవలసిందే. ఒకవైపు ఇనుప పళ్ళు, మరోవైపు పార అంచు ఉండే మెక్‌క్లౌడ్ అనే పనిముట్టుతో ఆ అంచులను కొట్టి, మట్టిని లాగి, కాలితో తొక్కి సమం చేయడానికి ఆరుగురికి ఒక పూటంతా పట్టింది. బాగుపడినది నిండా నలభై అడుగులు లేదు. చేతులు బొబ్బలెక్కిన ఆ పూటే నాకు జనవరి శనివారం నాటి తప్పు ఎంతటిదో తెలిసింది.

ఇందులోని కీలకం నీటి నడకలో ఉంది. మంచి కొండదారిని లోయవైపుకు కొద్దిగా వాలు ఉంచి కడతారు. పడిన నీరు దారికి అడ్డంగా పలచగా జారి గడ్డిలోకి పోవాలని, అక్కడక్కడ దారిని కాస్త పైకి ఎత్తి మళ్ళీ దించే ఏర్పాటు చేస్తారు. సైకిలు చక్రం తడిమట్టిలో గాడి తీయగానే ఈ ఏర్పాటంతా చెడిపోతుంది. నీరు అడ్డంగా పోవడం మాని ఆ గాడి పట్టుకుని దారి వెంటే పరుగెత్తుతుంది. పరుగెత్తే నీరు మన్నును కోసుకుపోతుంది. గాడిలో నీళ్ళు నిలిస్తే తరువాత వచ్చినవాళ్ళు దాన్ని తప్పించుకుని గడ్డిమీదుగా వెళతారు, వారి వెనక వచ్చినవారు ఇంకాస్త పక్కనుంచి పోతారు. మూరెడు వెడల్పు ఉండవలసిన దారి రెండు మూడేళ్ళలో బండిబాటవుతుంది.

కోసుకుపోయిన ఆ మన్ను వాగుల్లోకే చేరుతుంది. స్టీల్‌హెడ్ అనే చేప సముద్రం నుంచి ఎదురీది వచ్చి ఈ వాగుల గులకరాళ్ళ మధ్య గుడ్లు పెట్టేది కూడా సరిగ్గా ఈ వానల కాలంలోనే. మెత్తటి ఒండ్రు ఆ రాళ్ళ సందులను పూడ్చేస్తే గుడ్లకు ప్రాణవాయువు అందదు. శాన్ గ్రెగోరియో వాగుకు నీరందించే ఎల్ కోర్టె డి మడేరా కొండల్లో ఈ ఒండ్రును తగ్గించడానికే దారులను మళ్ళించి, కొన్నింటిని మూసి, మిడ్‌పెనిన్సులా రీజనల్ ఓపెన్ స్పేస్ డిస్ట్రిక్ట్ అనే స్థానిక ప్రభుత్వ సంస్థ ఏళ్ళ తరబడి పనిచేసింది. బర్క్‌లీ కొండల్లోని టిల్డెన్ పార్కులోనైతే, చూడటానికి బల్లిలా ఉండే న్యూట్ అనే చిన్న జీవి చెరువులకు నడిచిపోయే కాలమని, నవంబరు నుంచి మార్చి చివరిదాకా సౌత్ పార్క్ డ్రైవ్ రోడ్డునే కార్లకు మూసివేస్తారు. వేలెడంత ప్రాణి కోసం ఐదు నెలలు కార్లు ఆగుతున్నప్పుడు, మనం రెండు రోజులు సైకిలు ఆపడం పెద్ద త్యాగమేమీ కాదు.

నడిచేవాళ్ళు, గుర్రాలవాళ్ళు దారిని పాడుచేయడం లేదా అని మిత్రులు అడుగుతారు. చేస్తారు, గుర్రపు డెక్క దిగితే గుంటే పడుతుంది. తడిదారి మీద వారూ ఆగవలసిందే. కాని అడుగుజాడ విడివిడిగా పడే గుంట. చక్రపు జాడ తెగకుండా సాగే కాలువ. గేటు తెరిచే ఉంది కదా అన్నది మరొక మాట. శాంటా క్లారా కౌంటీ పార్కులలో, మిడ్‌పెనిన్సులా స్థలాల్లో వానలప్పుడు కొన్ని దారులను సైకిళ్ళకు, గుర్రాలకు మూస్తారన్నది నిజమే. అయితే ప్రతి కొండకూ ప్రతి ఉదయం మనిషిని పంపి మట్టి తడిమి చూడటం ఏ శాఖకూ సాధ్యం కాదు. ఆ పని మనమే చేయగలం. దారి మొదట్లోనే పది గజాలు తొక్కి దిగి వెనక్కి చూడండి. టైరు గుర్తు మట్టిలో దిగబడి ఉంటే అక్కడినుంచే తిరిగి వచ్చేయండి.

అసలు చిక్కు మన వాట్సాప్ గ్రూపుల్లో ఉందని నా అనుభవం. ఈ శనివారం ఫలానా కొండ అని సోమవారమే ఖాయమవుతుంది. గురువారం వాన కురుస్తుంది. ముప్ఫైమంది వస్తామన్నాక వద్దనడానికి ఎవరికీ నోరు రాదు. పైగా క్రిస్మస్ సెలవులు, జనవరిలో మార్టిన్ లూథర్ కింగ్ దినం, ఫిబ్రవరిలో ప్రెసిడెంట్స్ డే, ఇలా మనకు వరుస సెలవులు దొరికేవన్నీ వానల్లోనే వస్తాయి. కనుక చలికాలంలో రోజును మాత్రమే ముందుగా అనుకుని, చోటును శుక్రవారం రాత్రి వాన లెక్క, పార్కు వెబ్‌సైటు చూసి తేల్చుకునే పద్ధతి పెట్టుకోవాలి. దారి తడిగా ఉన్న వారం అలమేడా క్రీక్ ట్రెయిల్ దక్షిణపు గట్టు మీద తారుబాట ఉంది. ఫ్రీమాంట్‌లోని నైల్స్ దగ్గర ఎక్కితే శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం దాకా హాయిగా పోవచ్చు. కొంచెం దూరమైనా సరే అనుకునేవారికి మాంటెరే దగ్గర ఫోర్ట్ ఆర్డ్ ఇసుక నేల ఉంది. అక్కడ నీళ్ళు తొందరగా ఇంకిపోతాయి.

మరొక సంగతి కూడా చెప్పాలి. ఈ ఆట పుట్టింది ఇక్కడే. 1976 అక్టోబరులో మరిన్ కౌంటీలోని ఫెయిర్‌ఫాక్స్ దగ్గర కొండమీద నుంచి పాత సైకిళ్ళతో దిగే పందెం పెట్టుకున్నారు. ఒక్క దిగుడుకే చక్రం నడుమ ఉండే బ్రేకు హబ్బులో గ్రీజు కాలిపోయి మళ్ళీ నింపుకోవలసి రావడం వల్ల ఆ దారికి రీప్యాక్ అన్న పేరొచ్చింది. అదే మరిన్‌లో, టామల్పైస్ కొండ మీది సన్నదారులు చాలావరకు దశాబ్దాల పాటు సైకిళ్ళకు మూసే ఉన్నాయి. సైకిళ్ళు దారులను కోసేస్తాయన్నది అక్కడ వినిపించే పెద్ద ఫిర్యాదుల్లో ఒకటి. ఎండిన దారిమీద మనం చేసే నష్టం నడిచేవారికంటే ఎక్కువ కాదని వాదించే హక్కు మనకు ఉండాలంటే, తడిదారిమీద చక్రం పెట్టకూడదు. 1988లో ఏర్పడిన ఇంటర్నేషనల్ మౌంటెన్ బైసైక్లింగ్ అసోసియేషన్ నియమాల్లోనూ, దారి మెత్తగా ఉన్నప్పుడు వేరే చోటు చూసుకోమనే ఉంది. ఇది పార్కులవాళ్ళు మనమీద రుద్దినది కాదు, సైకిలువాళ్ళు తమకు తాము రాసుకున్నది.

గ్రూపులు నడిపే మిత్రులు ఈ ఉత్తరాన్ని తమ సభ్యులకు చూపాలని, మొన్నటి చలికాలంలో తడిమీద తొక్కినవారు ఏప్రిల్, మే నెలల్లో ఒక్క పూటైనా దారి మరమ్మతుకు రావాలని కోరుతున్నాను. మెక్‌క్లౌడ్ పట్టడం రానివారికి నేర్పడానికి నేనూ వస్తాను. తొలి వాన పడకముందే దీన్ని ప్రచురిస్తే మేలు చేసినవారవుతారు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఫ్రీమాంట్, కాలిఫోర్నియా