వెళ్ళిపోయారే!

లియాన్,
ఆదివారం రాత్రి

ఒరేయ్ మామా,

ఫ్రెంచి పరీక్ష దగ్గర పడుతోంది, సబ్జొంక్తిఫ్ పాసే అనే క్రియారూపం ఎంత బట్టీ పట్టినా బుర్రకెక్కట్లేదు, ఒకటే టెన్షన్ అని మెసేజ్ పెట్టావు కదా. ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పేది కాదురా ఇది. అందుకే అన్నం తినేసి తీరిగ్గా రాస్తున్నాను.

ముందు ఆ క్రియారూపాల పట్టిక సంగతి తేల్చేద్దాం, అది చిన్నదే. కొత్తగా నేర్చుకోవాల్సింది అవ్వార్ (కలిగి ఉండటం), ఎత్ర్ (ఉండటం) అనే రెండు క్రియల సబ్జొంక్తిఫ్ రూపాలే. వాటి వెనకాల పార్తిసిప్ పాసే, అంటే పని అయిపోయిందని చెప్పే క్రియారూపం తగిలిస్తే అయిపోయింది. మామూలు భూతకాలం పాసే కొంపోజేలో నువ్వు రోజూ చేస్తున్న పనే. నేను ముగించాను అనే 'జే ఫిని' కాస్తా 'క జె ఫిని' అవుతుంది ('క' అంటే మన 'అని' లాంటిది). నోరు కొంచెం ఎక్కువ తెరవాలి, వినడానికి అంతే తేడా. అతను వచ్చాడు అనే 'ఇలె వన్యు' మారి 'కిల్ స్వా వన్యు' అవుతుంది. ను (మేము), వు (మీరు) రూపాలు తప్పిస్తే మిగతా నాలుగూ చెవికి ఒక్కలాగే ఉంటాయి: అవ్వార్‌కి 'ఎ', ఎత్ర్‌కి 'స్వా'. రాసేటప్పుడు మాత్రం చివరి అక్షరాలు మారతాయి, అక్కడ జాగ్రత్త. పాత నవలల్లో 'ఫ్యుస్' లాంటివి కనబడితే కంగారు పడకు. అవి సబ్జొంక్తిఫ్‌లోనే ఇంపార్ఫె అనే పాత రూపాలు, మాటల్లో ఇప్పుడు దాదాపు ఎవరూ వాడరు.

అసలు చిక్కు ఎప్పుడు వాడాలన్న దగ్గరే. ఇండికాటిఫ్ అనే మామూలు క్రియారూపం నిజం చెప్పడానికి, సబ్జొంక్తిఫ్ అనుమానం చెప్పడానికి అని నాకు క్లాసులో చెప్పారు. మరి 'నువ్వొచ్చినందుకు సంతోషం' అనాలంటే 'జ స్వీ కోంతాఁ క త్యు స్వా వన్యు' అంటారే! నువ్వు నా ఎదురుగానే నిలబడి ఉన్నావు, ఇంక వచ్చావనడంలో అనుమానం ఎక్కడుంది? చాలా రోజులు ఇది నన్ను తినేసింది.

చివరికి మా మెట్ల మీద తెలిసింది. మొన్న వేసవిలో నాన్న వచ్చి రెండు నెలలు ఉండి వెళ్ళారు కదా. మా కింది అంతస్తులో ఒక పెద్దావిడ ఉంటారు. నాన్నకి ఫ్రెంచి రాదు, ఆవిడకి తెలుగు రాదు. అయినా పొద్దున్నే బ్రెడ్ తేవడానికి దిగుతూ ఈయన 'బోఁజూర్ మదాం' అంటే, ఆవిడ తలుపు తీసి మరీ నవ్వేవారు. నాన్న బయలుదేరిన రోజు ఆవిడ ఊళ్ళో లేరు, కూతురి దగ్గరికి వెళ్ళారు. తిరిగొచ్చాక మెట్ల దగ్గర నన్ను చూసి, చేతిలో కూరగాయల సంచీ కింద పెట్టి, మెల్లగా అన్నారు: 'జ రగ్రెత్ క వోత్ర్ పేర్ స్వా పార్తి సాఁ క జె ప్యు ల్వీ దీర్ ఒర్వార్.'

'స్వా పార్తి' ఒకటి, 'జె ప్యు' ఒకటి. ఒక్క వాక్యంలో రెండు సబ్జొంక్తిఫ్ పాసేలు. ఆ క్షణంలో నాకు వ్యాకరణం గుర్తుకు రాలేదురా, గొంతు పట్టేసింది. పైకొచ్చి తలుపేసుకున్నాక ఆ మాట దానంతటదే తెలుగులో వినబడింది: 'మీ నాన్నగారు వెళ్ళిపోయారే, వెళ్ళొస్తారా అని ఒక్క మాటైనా అడగలేకపోయానే!' ఆ చివర 'ఏ' చూడు. 'వెళ్ళిపోయారు' అంటే కబురు. 'వెళ్ళిపోయారే' అంటే ఆ కబురు మనసుకు తగిలింది. జరిగిందాంట్లో రెండింటికీ తేడా ఏమీ లేదు, రెండూ నిజమే. మనం ఒక్క దీర్ఘంతో చేసేది వాళ్ళు క్రియనే మార్చి చేస్తున్నారు. అప్పటినుంచి సంతోషం, బాధ, భయం, ఆశ్చర్యం చెప్పే మాట తర్వాత 'క' వినబడితే చాలు, నా నోటికి సబ్జొంక్తిఫ్ ఆలోచించకుండానే వచ్చేస్తోంది.

అలాగని అన్నిచోట్లా ఈ 'ఏ' పెట్టి చూడకు, పనిచెయ్యదు. ఆశించడం కూడా మనసుకి సంబంధించిందే గానీ 'ఎస్పెరే' తర్వాత ఇండికాటిఫే వస్తుంది. ఇంకా జరగని దాని గురించి కాబట్టి 'అవాఁ క' (కాకముందు) తర్వాత సబ్జొంక్తిఫ్, జరిగిపోయింది కాబట్టి 'అప్రే క' (అయ్యాక) తర్వాత ఇండికాటిఫ్. ఇక్కడివాళ్ళలో చాలామంది మాటల్లో 'అప్రే క'కి కూడా సబ్జొంక్తిఫ్ వాడేస్తారు. నువ్వు పరీక్షలో మాత్రం అలా రాయకు.

ఇంకొకటి, పాసే అంటే గతం, ఆ పేరు చూసి ఇది జరిగిపోయినవాటికే అనుకోకు. 'ఇల్ ఫో క జె ఫిని అవాఁ మిది' అంటే పన్నెండు కాకముందే నేను ముగించేసి ఉండాలి. అది ఇంకా జరగనే లేదు! 'ముగించాలి' వేరు, 'ముగించేసి ఉండాలి' వేరు కదా మనకి. అదే ఇది. పన్నెండింటి దగ్గర నిలబడి వెనక్కి చూస్తే ఆ పని అయిపోయి కనబడాలి.

పట్టిక మూసెయ్యి. రోజూ నీ ఇంట్లో జరిగినవే నాలుగు వాక్యాలు రాయి. మొదటిది నేనిస్తాను, నీకోసమే రాశాను: 'జ స్వీ సూలాజే క లోపెరాసియోఁ స స్వా బ్యాఁ పాసే.' మీ అమ్మ మోకాలి ఆపరేషన్ బాగా జరిగినందుకు నా మనసు తేలికపడింది. అక్కడ 'తనంతట తాను' అనే అర్థమిచ్చే 'స' ఉంది కాబట్టి ఎత్ర్ వచ్చింది. ఆపరేషన్ స్త్రీలింగం కాబట్టి చివరి 'పాసే'కి ఇంకో 'e' అక్షరం చేర్చి రాయాలి, పలకడంలో తేడా లేదు.

అమ్మ కర్ర లేకుండా నడుస్తోందా? మెట్లెక్కుతోందా? ఫ్రెంచి సంగతి తర్వాత, ముందు అది రాయి.

నీ
మామ