ఆదివారం బొమ్మలకు ఏం తెచ్చుకోవాలంటే

తిరుపతి మిత్రులందరికీ నమస్కారం. ఆదివారం వేసే మిక్స్‌డ్ మీడియా బొమ్మలకు, అంటే రంగులు, కాగితాలు, గుడ్డ ముక్కలు కలిపి చేసేవాటికి, ఏం తేవాలని చాలామంది అడిగారు. కాగితం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే మందపాటిది) తీసుకోండి, పలచనిదైతే జిగురు తడికి వంకర్లు పోతుంది. ఫెవికాల్‌లో కాస్త నీళ్లు కలిపితే అతికించడానికి చాలు. పాత క్యాలెండర్లు, పెళ్లి పత్రికలు, చీర అంచు ముక్కలు ఇంట్లోనే దొరుకుతాయి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది మాత్రం మన శ్రీకాళహస్తి కలం, కలంకారీ బొమ్మలు గీసేది. వెదురు పుల్ల కొన చెక్కి, పైన గుడ్డ చుట్టి దారంతో కడతారు. ఆ గుడ్డను వేళ్లతో నొక్కితే రంగు కొనకు దిగుతుంది. బెల్లం, తుప్పు పట్టిన ఇనుము నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి ఆ రంగు చేస్తారు. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద గీస్తే గీత కళ్ల ముందే నల్లగా తిరుగుతుంది. ఎన్నిసార్లు చూసినా ఒళ్లు పులకరిస్తుంది! పాలు ఎందుకంటే, రంగు పాకకుండా. ఆ గుడ్డ ముక్కలు నేనే తెస్తాను.

ఒక్క జాగ్రత్త. ఆయిల్ పేస్టల్ (నూనె, మైనం కలిసిన రంగు కడ్డీ) పూసిన చోట నీళ్లతో కలిపే అక్రిలిక్ రంగు నిలవదు. ముందు అక్రిలిక్ వేసి ఆరనివ్వండి, తర్వాతే పేస్టల్. మొన్న నా బొమ్మ ఒకటి ఇలాగే పొరలు లేచి పాడైంది, చాలా బాధేసింది.

కలం కావలసినవాళ్లు శుక్రవారంలోగా చెప్పండి, కాళహస్తి వెళ్తున్నాను.