పుల్లీ సంగతి తేల్చిపెట్టిన అందరికీ థాంక్స్

నా కారు సూపర్‌చార్జర్‌కి (ఇంజిన్‌లోకి గాలిని బలంగా తోసే పంపు) ఎంత చిన్న పుల్లీ, అంటే బెల్టు తిప్పే చక్రం, వెయ్యొచ్చన్న నా ప్రశ్నకి జవాబు దొరికింది, బిగింపు కూడా అయిపోయింది. 3.4 ఇంచులు. సాయం చేసినవాళ్ళందరికీ పేరుపేరునా థాంక్స్ చెప్పాలనుంది గానీ కొందరు పేర్లు రాయొద్దన్నారు. మీరెవరో మీకు తెలుసు.

కొత్తగా చదివేవాళ్ళ కోసం: నాది 2001 పాంటియాక్ గ్రాండ్ ప్రీ జీటీపీ. లోపల జీఎం వాళ్ళ 3800 సిరీస్ 2 వీ6, పైన ఈటన్ ఎం90 సూపర్‌చార్జర్. కంపెనీ లెక్కలో 240 హార్స్‌పవర్. డెట్రాయిట్ చుట్టుపక్కల ఉద్యోగాలు చేసుకునే మనవాళ్ళలో ఇలాంటి పాత బండి పిచ్చోళ్ళు బాగానే ఉన్నారని ఈ దెబ్బతో తెలిసింది. దీనికి కంపెనీ పుల్లీ 3.8 ఇంచులు. చిన్నది వేస్తే ఇంజిన్ స్పీడు అంతే ఉన్నా బ్లోయర్ (అదే సూపర్‌చార్జర్) ఎక్కువ తిరుగుతుంది: 3.4తో దాదాపు 12 శాతం, 3.25తో 17, 3.0తో ఏకంగా 27. నా మనసు 3.25 మీదుండేది.

మొదటి థాంక్స్ డెట్రాయిట్ దగ్గర నోవైలో ఉండే అన్నయ్యకి. ఏ సైజు వెయ్యమంటారని అడిగితే ఆయన సైజు చెప్పలేదు. "ఉన్న పుల్లీతోనే లాగ్ తీసి పంపు తమ్ముడూ. బూస్ట్ ఎంతో నాకక్కర్లేదు, నాక్ రిటార్డ్ చూపించు" అన్నారు. (లాగ్ అంటే బండి నడుస్తుండగా దాని కంప్యూటర్ నుంచి తీసుకునే అంకెల చిట్టా, బూస్ట్ అంటే బ్లోయర్ తోసే గాలి ఒత్తిడి.) అసలు కిటుకంతా అక్కడే ఉంది. ఈ బండికి బ్లోయర్ గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ లేదు. బ్లోయర్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ మీదే కూర్చుంటుంది, దాన్లోంచి వచ్చే వేడిగాలి తిన్నగా సిలిండర్లలోకి పోతుంది. ఎంత వేగంగా తిప్పితే గాలి అంత కాగుతుంది. కాగిన గాలితో కలిసిన పెట్రోలు, మంట తన దాకా రాకముందే భగ్గుమంటే అదే నాక్. సెన్సర్లు అది విని చెప్పగానే కంప్యూటర్ స్పార్క్ టైమింగ్‌ని వెనక్కి లాగుతుంది (అంటే స్పార్క్ ఆలస్యం చేస్తుంది, అదే రిటార్డ్), లాగిన ప్రతి డిగ్రీకీ పవర్ పోతుంది. బూస్ట్ గేజీలో ముల్లు పైకెక్కినా బండి మునుపటికన్నా నీరసంగా పరిగెత్తడం ఈ ఇంజిన్లలో మామూలే. హెడర్లు (పొగ సులువుగా బయటికి పోనిచ్చే ఎగ్జాస్ట్ గొట్టాలు) వేస్తే బూస్ట్ తగ్గి పవర్ పెరుగుతుంది, అదింకో తమాషా.

నా లాగ్‌లో 3.8తోనే 4 డిగ్రీల రిటార్డ్ కనిపించింది. దాన్ని గీతగీతా చదివింది ఆన్ ఆర్బర్‌లో చదువుకుంటున్న మన హైదరాబాద్ కుర్రాడు. "అన్నా, ఇది బూస్ట్ నిండుగా ఉన్నచోట రావట్లేదు, గేరు మారే క్షణంలోనే వస్తోంది. ఏదో తగులుతోందేమో చూడు" అన్నాడు. కిందకి దూరి చూస్తే ఎగ్జాస్ట్ పైపు మీద రూపాయి బిళ్ళంత మేర తుప్పు రాలిపోయి తళతళలాడుతోంది. బాడీకి కొట్టుకుంటోందన్నమాట. ఆ చప్పుడునే సెన్సర్ నాక్ అనుకుంటోంది! పైపుని వేలాడదీసే హ్యాంగర్ రబ్బరు మార్చగానే సగానికిపైగా పోయింది. మిగిలింది ఇంజిన్‌ని ఇంకాస్త చల్లగా ఉంచే 180 ఫారెన్‌హీట్ థర్మోస్టాట్, ఒక మెట్టు చల్లటి (వేడిని త్వరగా వదిలే) స్పార్క్ ప్లగ్గులు, 93 ఆక్టేన్ పెట్రోలుతో సున్నాకి దిగింది. (ఇండియాలో చదివేవాళ్ళు కంగారుపడకండి, అమెరికా పంపుల మీద రాసేది వేరే లెక్క. ఇక్కడి 93 మన దగ్గర సుమారు 98తో సమానం.)

అప్పుడు గానీ 3.4 వెయ్యలేదు. చల్లటి పొద్దున రిటార్డ్ సున్నా. ఎండలో ట్రాఫిక్‌లో ఇరుక్కుని, బ్లోయర్ బాగా కాగాక యాక్సిలరేటర్ నొక్కితే ఒక డిగ్రీ. అంటే నా బండికి హద్దు ఇక్కడే, 3.25కి జాగా లేదు. ఇంజెక్టర్లు, ట్రాన్స్‌మిషన్ మాట తర్వాత.

ఇక ఫ్లింట్ పెద్దాయన. ఈ ఇంజిన్ తయారైన ఊళ్ళోనే, ఆ పనిలోనే రిటైరయ్యారు. తెలుగు రాదు గానీ ఈ పోస్టు అనువదించి వినిపిస్తానని మాటిచ్చాను. కంపెనీ పుల్లీ షాఫ్ట్ మీద గట్టిగా ప్రెస్ చేసి ఉంటుంది, పుల్లర్ లేకుండా రాదు. పుల్లర్ ఇచ్చి, సుత్తి చేత్తో పట్టుకుంటే గరాజ్‌లోంచి పంపించేస్తానని బెదిరించారు. దెబ్బ పడితే బేరింగ్ పోతుంది మరి. ఐడిల్‌లో బ్లోయర్ ముక్కులోంచి గలగల వినిపిస్తోందని దాన్ని కూడా విప్పించారు. లోపల కప్లర్‌కి (పుల్లీ తిప్పుడుని బ్లోయర్ రోటర్లకి అందించే ముక్క) పిన్నులు కూర్చునే రంధ్రాలు కోలగా అరిగిపోయి ఉన్నాయి. కొత్తది వేశాం. ఆ సూపర్‌చార్జర్ ఆయిలు కంపు మాత్రం పగవాడికి కూడా వద్దు, నా చొక్కా మా ఆవిడ వాషింగ్ మెషీన్ దగ్గరికి కూడా రానివ్వలేదు.

బెల్టు కూడా పొట్టిది కావాలని గుర్తుచేసిన చెల్లెమ్మకి ప్రత్యేకంగా థాంక్స్. ఆ మాట మిగతా ఎవరూ అనలేదు. పాతదే వేసుంటే బెల్టుని బిగువుగా పట్టే టెన్షనర్ చివరిదాకా వెళ్ళి, బెల్టు జారి, పడిన కష్టమంతా పోయేది.

లాగ్ ఫైళ్ళు కావాలంటే మెసేజ్ పెట్టండి, 3.8వీ 3.4వీ రెండూ ఇస్తాను. చలికాలం పోయాక హెడర్లు వేసే ఆలోచన ఉంది. అప్పుడు మళ్ళీ 3.25 అంటూ మీ ప్రాణాలు తీస్తాను, అన్నయ్యా, కాస్త ఓపిక దాచుకోండి.