ఆదివారం ఆలిస్ కథ: పెద్దలూ తప్పక రావాలి

అందరికీ నమస్కారం.

ఈ ఆదివారం సాయంత్రం 5 గంటలకు హనుమకొండ పబ్లిక్ గార్డెన్‌లో కలుద్దాం. ఈసారి మనం చదివి మాట్లాడుకునే పుస్తకం 'ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్'.

"అది పిల్లల పుస్తకం కదా, మా పాపను పంపిస్తాం" అని కొందరు మెసేజ్ పెట్టారు. మీరూ రండి! ఆక్స్‌ఫర్డ్‌లో లెక్కలు చెప్పే లూయిస్ కరోల్ 1862లో పడవలో వెళ్తూ ముగ్గురు అక్కచెల్లెళ్లకు చెప్పిన కథ ఇది. 1865లో పుస్తకమైంది. కుందేలు వెంట ఆలిస్ అనే పాప పరుగు పిల్లలకు చాలు. మనకైతే గొంగళిపురుగు "నువ్వెవరు?" అన్నప్పుడు ఆలిస్ తడబడే చోటు ఉంది. పొద్దున్నుంచి ఎన్నోసార్లు మారిపోయిన ఆ పిల్ల ఏం చెప్తుంది? రిటైరైన వాళ్లకూ, కొత్తగా ఉద్యోగంలో చేరిన వాళ్లకూ అదే ప్రశ్న. ఇక కోర్టులో రాణి "ముందు శిక్ష, తర్వాతే తీర్పు" అంటుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం అదే. లాయర్ అన్నలు దీని మీద మాట్లాడాలి.

5, 7, 12 అధ్యాయాలు చదివి రండి. తెలుగులోనైనా, ఇంగ్లిష్‌లోనైనా సరే. టైమ్ లేకపోతే టెన్షన్ వద్దు, అక్కడ పైకి చదువుదాం.

చాప, నీళ్ల బాటిల్ ఎవరివి వాళ్లే తెచ్చుకోండి. కాజీపేట వాళ్లు ఒకే బండిలో రాగలరేమో చూసుకోండి. వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోగా ఇక్కడే పేరు పెట్టండి, పిల్లల వయసు కూడా రాయండి. వాన పడేలా ఉంటే మధ్యాహ్నమే చెప్తాను.