మూత పెట్టిన ఆ చేతులకు

నిన్న సాయంత్రం వాకింగ్ నుంచి వచ్చి వంట మొదలుపెట్టాను. ఫోన్ మాట్లాడుతూ పొయ్యి మీది నూనె సంగతి మరిచిపోయాను. మూకుడులో మంట లేచింది. టెన్షన్‌లో చెంబుతో నీళ్లు ఎత్తాను. తెరిచి ఉన్న తలుపులోంచి పొగ చూసి పరుగున వచ్చిన మీరు "నీళ్లొద్దమ్మా!" అంటూ నా చెయ్యి పట్టుకుని ఆపారు. స్టవ్ కట్టేసి, పెద్ద స్టీలు మూత పక్కనుంచి జారుస్తూ మూకుడు మీద పెట్టారు. గాలి అందక మంట ఆరిపోయింది. నీళ్లు పోసి ఉంటే అవి ఒక్కసారిగా ఆవిరై, మండే నూనెను నా ముఖం మీదకే చిమ్మేవి. పూర్తిగా చల్లారేదాకా మూత తియ్యొద్దని చెప్పి, పేరైనా చెప్పకుండా వెళ్లిపోయారు.

రోజూ మెట్ల దగ్గర ఎదురుపడేవాళ్లను తలెత్తి చూడకుండానే దాటిపోయేదాన్ని. మీరూ వాళ్లలో ఒకరేనేమో. ఈసారి కనిపిస్తే ఒక్క క్షణం ఆగండి ఆంటీ, మీ చెయ్యి పట్టుకుని థాంక్స్ చెప్పాలి.