సూరీ, రోడ్డు ముక్క కూడా అడగొచ్చురా

ఒరేయ్ సూరీ,

ఆలస్యానికి తిట్టుకోకు. నీ ఉత్తరం వచ్చి చాన్నాళ్లయింది, సాకులేం చెప్పను. ఇక్కడ అందరం కులాసా. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, చిన్నది పదో తరగతికొచ్చింది, తక్కినవన్నీ మామూలే. ఇక అసలు సంగతి. ఇది నీకు చెప్పేదాకా నాకు నిద్ర పట్టేలా లేదు.

మీ వీధి సీసీ రోడ్డు ఏడాది తిరక్కుండానే పెచ్చులూడుతోందనీ, సమాచార హక్కు చట్టం కింద ఎస్టిమేటు, ఎం-బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) నకళ్లు అడుగుతాననీ రాశావు. అడుగు. కానీ అక్కడితో ఆగకు. చట్టంలో సెక్షన్ 2(జె) తీసి చూడు. సమాచార హక్కంటే రికార్డులు చూడటం, నకళ్లు తీసుకోవడంతో పాటు పనిని తనిఖీ చేయడం, వాడిన సరుకు నమూనాలు ధ్రువీకరించి ఇప్పించుకోవడం కూడా అని రాసి ఉంది. అంటే టేపు పట్టుకుని ఆ రోడ్డు మీదికెళ్లి కొలవొచ్చు. కాంక్రీటు ముక్క తీయించి, సీలు వేయించి, సంతకంతో చేత పుచ్చుకోవచ్చు. 2005 నుంచీ ఉన్న హక్కిది! అయినా ఎక్కువమంది కాగితాలే అడుగుతారు, కాగితాల్లో రోడ్డెప్పుడూ బాగానే ఉంటుంది.

మన సున్నా మింగిన లెక్కల మాస్టారి పద్ధతిలో చెబుతా, నవ్వకు. 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం అనుకో. 45 ఘనపు మీటర్ల కాంక్రీటు. మందం 10 సెంటీమీటర్లే ఉంటే 30. పదిహేను ఘనపు మీటర్లు గల్లంతు. ఎం-20 గ్రేడు మిశ్రమానికి, సిమెంటు, ఇసుక, కంకర 1:1½:3 పాళ్లలో, ఘనపు మీటరుకు ఎనిమిది బస్తాలు పడతాయి. అంటే 120 బస్తాల సిమెంటు ఎం-బుక్‌లో ఉంది, రోడ్డులో లేదు. (ఇవి నా అంకెలు. మీ రోడ్డువి ఎస్టిమేటులో చూసి వేసుకో.)

ఇంకోటి, అంచు దగ్గర మట్టి తోడి మందం చూసి సంబరపడకు. అంచున షట్టరింగ్ పలక ఎత్తుకు సరిగ్గా పోసి, మధ్యలో గ్రావెల్‌ని గుట్టగా వదిలేస్తే అక్కడ కాంక్రీటు పలచబడుతుంది, పైకి మాత్రం సమంగా కనిపిస్తుంది. అందుకే కోర్, అంటే రోడ్డును తొలిచి తీసే గుండ్రటి కాంక్రీటు ముక్క, మధ్యలోనే తీయాలి. మూడుకు తగ్గకూడదని కాంక్రీటు పనుల భారత ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. వాటి సగటు బలం, ఆ వయసుకు ఉండాల్సిన క్యూబ్ (పరీక్షకని అదే కాంక్రీటుతో పోసే దిమ్మ) బలంలో కనీసం 85 శాతం ఉండాలి, ఏ ఒక్కటీ 75 శాతానికి దిగకూడదు. తీసిన చోటు రోడ్డు మొదటి నుంచి ఎన్ని మీటర్లో పంచనామాలో రాయించు. ఆ గుంతని అదే గ్రేడు కాంక్రీటుతో పూడ్చమని కూడా దరఖాస్తులోనే అడుగు, లేకపోతే రోడ్డు పాడుచేశావని నీ మీదికే వస్తుంది.

క్యూబ్ పరీక్షల రిజిస్టరు మర్చిపోకు. 31 నుంచి 50 ఘనపు మీటర్ల పనికి నాలుగు నమూనాలు, నమూనాకు మూడేసి, మొత్తం పన్నెండు క్యూబులు. 28 రోజుల ఫలితాలుండాలి. క్యూబులు పోసిన తేదీలూ, ఎం-బుక్‌లో కాంక్రీటు వేసిన తేదీలూ పక్కపక్కన పెట్టి చూడు. కాంక్రీటు పడకముందే క్యూబ్ పుట్టిందంటే ఇంకేం కావాలి!

ఇప్పుడు దరఖాస్తు. "ఎందుకు ఇలా వేశారు", "బాధ్యులెవరు" అని అడిగితే సమాధానం రాదు. రికార్డులో లేనిదాన్ని తయారుచేసి ఇవ్వక్కర్లేదని 2011లో ఆదిత్య బందోపాధ్యాయ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. కాబట్టి పని పేరు, ఆర్థిక సంవత్సరం రాసి, ఎస్టిమేటు, ఒప్పందం, ఎం-బుక్ పేజీలు, చెక్ మెజర్‌మెంటు (పై ఇంజనీరు మళ్లీ సరిచూసిన కొలతలు), బిల్లు, క్యూబ్ రిజిస్టరు నకళ్లు అడుగు. ఆ కిందే, "2(జె) కింద ఈ పనిని తనిఖీ చేయడానికి తేదీ, వేళ తెలపండి, మూడు కోర్ నమూనాలు నా ఎదుట తీసి, సీలు వేసి, ధ్రువీకరించి ఇప్పించండి" అని ఉండాలి. కారణం చెప్పక్కర్లేదు, 6(2) చూడు. మన రాష్ట్ర నిబంధనల్లో గ్రామస్థాయి కార్యాలయానికి ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. నమూనాకి అయ్యే అసలు ఖర్చు వేరే కట్టాలి, ఎంతో రాతపూర్వకంగా చెప్పమను. పొరపాటున వేరే ఆఫీసుకిస్తే ఐదు రోజుల్లో వాళ్లే పంపాలి, తిప్పి ఇస్తే తీసుకోకు.

"కాంట్రాక్టరు వ్యాపార రహస్యం" అంటూ 8(1)(డి) చూపిస్తారేమో. జనం డబ్బుతో జనం వీధిలో వేసిన రోడ్డు మందంలో ఏం రహస్యముంటుందిరా? నాకు ఒళ్లు మండిపోతుంది! ఆ మాటే అప్పీల్లో రాయి, మర్యాదగా. 30 రోజుల్లో రాకపోతే మరో 30 రోజుల్లోగా పై అధికారికి మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కి రెండోది. గడువు దాటితే నకళ్లు ఉచితంగానే ఇవ్వాలి. రోజుకు 250 చొప్పున 25,000 దాకా జరిమానా ఉంది గానీ, కమిషన్ దాకా వెళ్తే ఏళ్లు పడుతుంది, ఈలోగా రోడ్డు మీద మరో పొర పడిపోతుంది. అందుకే మొదటి దరఖాస్తే గట్టిగా ఉండాలి.

ఒక్కడివే వేయకు. భయపెడుతున్నానని కాదు... ఇలా అడిగినవాళ్ల మీద దాడులు జరిగిన దేశం మనది. వీధిలో నలుగురి పేర్లతో నాలుగు దరఖాస్తులు వేయండి. తనిఖీ రోజు ఎం-బుక్ నకలు రోడ్డు మీదే అందరికీ చదివి వినిపించు. 1994 డిసెంబరులో రాజస్థాన్‌లోని కోట్ కిరానాలో మస్టర్ రోల్స్ (కూలీల హాజరు, కూలి పట్టీలు) జనం మధ్య చదివారు, చేయని పనికి తమ పేర్లున్నాయని కూలీలకు అప్పుడే తెలిసింది. ఈ చట్టానికి దారి వేసినవి అలాంటి జన్ సున్వాయీలే, అంటే బహిరంగ విచారణలే. దాని గురించి ఇంకా చాలా ఉంది గానీ...

పోస్టు వేళైపోయింది, మిగతాది మళ్లీ రాస్తా. దరఖాస్తు నేరుగా ఇస్తే నకలు మీద తేదీ ముద్ర వేయించుకో. ముద్ర లేదంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచు.

నీ
రాముడు